ఎస్‌ఐ జాయింట్ నొప్పి: బెల్టు, ఇంజెక్షన్, ఆపరేషన్... మీలో ఎవరికి ఏది పనిచేసింది?

కృష్ణలంక_టీచర్ | ఆదివారం, రాత్రి 10:15

అందరికీ నమస్కారం. నా వయసు 33. విజయవాడలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను. రెండో కాన్పు అయి ఏడు నెలలైంది. కడుపుతో ఉన్నప్పుడు ఏడో నెలలో నడుం కింద కుడివైపు నొప్పి మొదలైంది. కాన్పయితే అదే పోతుందని అమ్మా, అత్తయ్యా ఇద్దరూ ధైర్యం చెప్పారు. పోలేదు.

నొప్పి నడుం మధ్యలో కాదు. వెనకాల పిరుదు పైన చిన్న గుంటలా ఉంటుంది కదా, సరిగ్గా అక్కడ. ఒక్క వేలు పెట్టి చూపించగలను. ఒక్కోసారి తొడ వెనక దాకా దిగుతుంది, మోకాలు దాటదు. రాత్రి బాబు ఏడిస్తే వాడి వైపు తిరగడానికి ముందు మంచం పట్టె పట్టుకుని ఊపిరి బిగబట్టాల్సి వస్తోంది. సల్వార్ వేసుకోవడానికి ఒంటికాలి మీద నిలబడలేను, గోడకు ఆనుకోవాలి. షేర్ ఆటో ఎక్కేటప్పుడు ఒక కాలు పైకి పెట్టి లేస్తే లోపల జివ్వుమంటుంది.

మొదట చూపించిన చోట ఎం.ఆర్.ఐ. తీయించారు. నడుం కింది భాగంలో ఎల్4-ఎల్5 అనే వెన్నుపూసల మధ్య డిస్క్ బల్జ్, అంటే డిస్క్ కాస్త ఉబ్బింది అని వచ్చింది. బరువులు కట్టి నడుం లాగే ట్రాక్షన్ పెట్టారు, రెండు వారాలు పూర్తిగా పడుకోమన్నారు. లేచేసరికి ఇంకా ఎక్కువైంది. ఇప్పుడు చూస్తున్న ఎముకల డాక్టరు గారు కాళ్లు అటూ ఇటూ వంచి చూసి, ఇది డిస్క్ నొప్పి కాదు, ఎస్‌ఐ జాయింట్ అన్నారు. ముందు బెల్టు, ఫిజియో, తగ్గకపోతే ఇంజెక్షన్ అంటున్నారు. రిపోర్టులో డిస్క్ అని రాసి ఉంటే ఈయన కాదంటున్నారేమిటి అని ఇంట్లో ఒకటే టెన్షన్. ఈ నొప్పి పడ్డవాళ్లు ఉంటే చెప్పండి.

హనుమకొండ_ఫిజియో | ఆదివారం, రాత్రి 11:02

టీచర్ గారూ, నేను 14 ఏళ్లుగా ఫిజియోథెరపీ చేస్తున్నాను. మిమ్మల్ని చూడకుండా ఇదే రోగం అని చెప్పలేను. కానీ మీరు రాసిన తీరు చదివితే రెండో డాక్టరు గారి మాటలో అర్థం ఉంది.

మన వెన్నెముక అడుగున ముక్కోణం ఆకారంలో ఒక ఎముక ఉంటుంది, త్రికాస్థి అంటారు. దానికి రెండు పక్కలా తుంటి ఎముకలు కలిసే కీళ్లే ఎస్‌ఐ (సాక్రోఇలియాక్) జాయింట్లు. మోకాలిలా, భుజంలా తిరిగే కీలు కాదు, కదలిక కొద్ది మిల్లీమీటర్లే. ఒంటి బరువంతా కాళ్లలోకి దిగేది మాత్రం వీటి మీదుగానే. కడుపుతో ఉన్నప్పుడు శరీరంలో మార్పుల వల్ల కటి చుట్టూ ఎముకలను కట్టి ఉంచే లిగమెంట్లు వదులవుతాయి, బిడ్డ బరువు ముందుకు లాగుతుంది. కాన్పు తర్వాత చాలామందికి కొన్ని నెలల్లో సర్దుకుంటుంది, కొందరికి సర్దుకోదు.

ఇక రిపోర్టు సంగతి. డిస్క్ బల్జ్ అనే మాట చూసి భయపడకండి. ఏ నొప్పీ లేనివాళ్ల స్కానింగులు చూసి 2015లో ఒక పెద్ద సమీక్ష వేశారు. 20 ఏళ్ల వాళ్లలో 30 శాతం మందికి, 80 ఏళ్ల వాళ్లలో 84 శాతం మందికి బల్జ్ కనిపించింది. అంటే రిపోర్టులో ఉన్నదల్లా నొప్పికి కారణం కాదు. డిస్క్ నరాన్ని నొక్కితే నొప్పి సాధారణంగా మోకాలు దాటి పిక్కలోకి, పాదంలోకి పోతుంది, తిమ్మిరి వస్తుంది, వంగినా దగ్గినా పెరుగుతుంది. మీది మోకాలు దాటడం లేదు, ఒక్క వేలితో చూపిస్తున్నారు, ఒంటికాలి మీద నిలబడితే వస్తోంది.

ఒక్క ప్రశ్న. బాబును ఏ చంకన ఎత్తుకుంటారు?

కృష్ణలంక_టీచర్ | ఆదివారం, రాత్రి 11:20

కుడి చంకనే అండీ. ఎడమ చేత్తో పని చేసుకోవడం నాకు అలవాటు. వంట చేసేటప్పుడు కూడా వాడు చంకలోనే ఉంటాడు. ఎందుకడిగారు?

హనుమకొండ_ఫిజియో | ఆదివారం, రాత్రి 11:41

అందుకే అడిగాను. బిడ్డను చంకన వేసుకున్నప్పుడు అందరం తెలియకుండానే ఆ పక్క తుంటిని బయటికి తోసి, బరువంతా ఆ కాలి మీదే వేసి నిలబడతాం. ఏడెనిమిది కిలోల బిడ్డ, రోజుకు ఎన్ని గంటలు? ఇప్పటికే వదులైన కీలు మీద ఒకే పక్క లాగుడు పడుతుంది. మా దగ్గరికి వచ్చే బాలింతల్లో ఈ అలవాటు నేను పదే పదే చూస్తుంటాను. బాబును ఛాతీకి ఎదురుగా రెండు చేతులతో ఎత్తుకోండి, లేకపోతే ముందు కట్టుకునే బేబీ క్యారియర్ వాడండి. వంట దగ్గర అస్సలు వద్దు, కింద చాప మీద పడుకోబెట్టండి.

గోదారి_పెద్దమ్మ | సోమవారం, ఉదయం 6:30

అమ్మా, మా ఊళ్లో నడుం పడితే ఎదురుకాళ్లతో పుట్టినవాళ్ల చేత తొక్కించేవాళ్లం. మా చిన్నాయనకు అలాగే పోయింది. పుత్తూరు వెళ్లి కట్టు కట్టించుకున్నా మంచిదే అంటారు. బాలింతవు, ఇంజెక్షన్లు, ఆపరేషన్లు అని తొందరపడకు తల్లీ. నువ్వుల నూనె కాచి మర్దనా చేయించి, వేణ్ణీళ్లు పోయించుకో.

కాకినాడ_సిస్టర్ | సోమవారం, ఉదయం 8:10

పెద్దమ్మ గారూ, మీ ప్రేమకు దండం. కాపడం, నూనె మర్దనా తప్పు లేదు, కండ బిగుసుకుపోయి ఉంటే ఆ కాసేపు హాయిగా ఉంటుంది. తొక్కించుకోవడం మాత్రం వద్దండీ. నేను 31 ఏళ్లు ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను. తొక్కించుకుని, విరిపించుకుని వార్డుకు వచ్చిన వాళ్లను చూశాను. ఎముకలు బోలుబారిన వయసులో అయితే వెన్నుపూస నలిగిపోతుంది. మామూలు నడుం పట్టు ఏమీ చేయకపోయినా పది పదిహేను రోజుల్లో చాలామందికి తగ్గుతుంది కాబట్టి, తొక్కినందుకే పోయిందనిపిస్తుంది. పుత్తూరు కట్టుకు పేరొచ్చింది విరిగిన ఎముకలకు. ఇక్కడ విరిగిందేమీ లేదు.

టీచరమ్మా, బాబుకు పాలిస్తున్నావు కదా, ఆ మాట డాక్టరు గారికి ముందే చెప్పు. నొప్పి మాత్ర నీ అంతట నువ్వు మందుల షాపులో అడిగి వేసుకోకు. ఇంకో మాట, ఇది అందరూ గుర్తు పెట్టుకోండి: నడుం నొప్పితో పాటు మూత్రం బిగుసుకున్నా, తెలియకుండా పోయినా, మలద్వారం దగ్గర మొద్దుబారినా, పాదం ఈడ్చుకుపోతున్నా ఆ రోజే ఆసుపత్రికి పరుగెత్తాలి. జ్వరం, బరువు తగ్గడం ఉన్నా ఆలస్యం చేయకూడదు.

మాదాపూర్_కోడర్ | సోమవారం, మధ్యాహ్నం 1:25

ఈ చర్చ చదువుతుంటే నా గురించే రాసినట్టుంది. నాకు 27. రెండేళ్లుగా పిరుదుల్లో నొప్పి, ఒక నెల కుడివైపు, ఒక నెల ఎడమవైపు. కుర్చీలో కూర్చునే ఉద్యోగం కదా, అందుకే అనుకున్నాను. తెల్లవారుజామున మూడు, నాలుగింటికి నొప్పికి మెలకువ వస్తుంది, లేచి హాల్లో నడిస్తే తగ్గుతుంది. పొద్దున కనీసం గంటసేపు కర్రలా బిగుసుకుపోయి ఉంటాను. జిమ్‌కు వెళ్లిన రోజు బాగుంటుంది, ఆదివారం పడుకుంటే నరకం. నేనూ ఆ బెల్టు కొనుక్కోవచ్చా?

హనుమకొండ_ఫిజియో | సోమవారం, మధ్యాహ్నం 2:05

తమ్ముడూ, ఆగండి. మీది, టీచర్ గారిది ఒకే కీలు కావచ్చు, ఒకే జబ్బు కాదనిపిస్తోంది.

ఆమెకు కదిలితే, కాలి మీద బరువు మోపితే వచ్చే నొప్పి. మీకు విశ్రాంతిలో పెరిగి, కదిలితే తగ్గుతోంది. 45 ఏళ్ల లోపు మొదలై, మూడు నెలలు దాటి, తెల్లవారుజామున లేపి, పొద్దున అరగంటకు మించి బిగుసుకుపోయే నొప్పిని వాపు వల్ల వచ్చేదిగా అనుమానించాలి. ఆంకిలోజింగ్ స్పాండిలైటిస్ (వెన్ను వాచి క్రమంగా గట్టిపడే జబ్బు) కుటుంబానికి చెందిన జబ్బులు ఎక్కువగా ఈ కీళ్ల దగ్గరే మొదలవుతాయి. చూడాల్సింది రుమటాలజిస్టు, అంటే కీళ్లవాతం డాక్టరు. హైదరాబాద్‌లోనే ఉన్నారు కాబట్టి నిమ్స్‌లో ఆ విభాగం ఉంది, ప్రైవేటులోనూ ఉన్నారు. ఎప్పుడైనా కన్ను ఎర్రబడి, వెలుతురు చూడలేక ఇబ్బంది పడ్డారా? చర్మం మీద సోరియాసిస్ పొలుసులు? ఇంట్లో ఎవరికైనా మెడ, నడుం వంగకుండా గట్టిపడిపోయిందా?

మాదాపూర్_కోడర్ | సోమవారం, మధ్యాహ్నం 2:31

నిరుడు ఎడమ కన్ను ఎర్రబడి నెల రోజులు చుక్కల మందు వేశాను, యువైటిస్, అంటే కంటి లోపల వాపు అన్నారు. మా మేనమామ 50 ఏళ్లకే తల పైకెత్తలేడు, పక్కకు చూడాలంటే ఒళ్లంతా తిప్పాలి. ఈ రెండింటికీ నా నడుముకూ సంబంధం ఉంటుందని ఇప్పటిదాకా ఒక్కరూ చెప్పలేదు.

అనంత_అన్న | సోమవారం, సాయంత్రం 7:48

తమ్ముడూ, నాకు 41. ఈ జబ్బుతో 16 ఏళ్లుగా ఉన్నా. మొదటి ఐదేళ్లు సయాటికా (కాలి నరం నొప్పి) అని తిరిగా. నువ్వు ఆ ఐదేళ్లు పోగొట్టుకోవద్దు, అందుకే వివరంగా రాస్తున్నా.

ఎక్స్‌రేలో మార్పులు కనపడడానికి ఏళ్లు పడతాయి. నా మొదటి ఎక్స్‌రే నార్మల్ అని ఇంటికి పంపించేశారు. ఎస్‌ఐ జాయింట్లకు ప్రత్యేకంగా ఎం.ఆర్.ఐ. తీస్తే, ఎముక లోపలి వాపు స్టిర్ అనే చిత్రాల్లో ముందుగానే తెలుస్తుంది. నడుం ఎం.ఆర్.ఐ. తీసి సరిపెడితే ఈ కీళ్లు సరిగా పడకపోవచ్చు, అడిగి తీయించుకో. రక్తంలో వాపును చూపించే సి.ఆర్.పి., ఇ.ఎస్.ఆర్., ఇంకా హెచ్‌ఎల్‌ఏ-బి27 అనే జన్యు గుర్తు చూస్తారు. బి27 పాజిటివ్ అని వస్తే బెంబేలు పడొద్దు, అది ఉండి కూడా ఏ జబ్బూ రానివాళ్లే ఎక్కువ. నెగెటివ్ వచ్చినంత మాత్రాన జబ్బు లేదనీ కాదు. లక్షణాలు, స్కాన్, రక్తం మూడూ కలిపి డాక్టరు తేల్చాలి.

చికిత్సలో మొదటి మెట్టు వ్యాయామం, వాపు తగ్గించే మాత్రలు. నేప్రోక్సెన్, ఎటోరికాక్సిబ్, ఇండోమెథసిన్ లాంటివి. కడుపు, కిడ్నీ, బీపీ చూసుకుంటూ డాక్టరు చెప్పిన మోతాదులో వాడాలి. రెండు రకాలు మార్చి చూసినా నొప్పి అదుపులోకి రాకపోతే జీవకణాలతో తయారుచేసే బయలాజిక్ ఇంజెక్షన్లు. నాకు వాటిలో అడాలిముమాబ్ ఇచ్చారు. 2014లో జైడస్ కంపెనీ వాళ్లు దాని బయోసిమిలర్ (అసలు మందులాగే పనిచేసే, వేరే కంపెనీ చేసిన రూపం) మన దేశంలో తెచ్చాకే మాలాంటి మధ్యతరగతి వాళ్లు ఆ మందు గురించి ఆలోచించగలిగాం. మొదలుపెట్టే ముందు లోపల నిద్రాణంగా టీబీ ఉందేమో తప్పకుండా చూస్తారు, ఛాతీ ఎక్స్‌రే, చర్మం మీద గానీ రక్తంతో గానీ పరీక్ష. మన దేశంలో ఇది తూతూమంత్రంగా చేయాల్సిన పని కాదు. నాకు టీబీ పరీక్ష పాజిటివ్ వచ్చి, ముందు దానికి మాత్రలు మొదలుపెట్టి, తర్వాతే ఇంజెక్షన్ వేశారు.

స్టెరాయిడ్ మాత్రలు నెలల తరబడి మింగమంటే ఎందుకని అడుగు, ఈ వెన్ను జబ్బులో వాటితో పెద్దగా ప్రయోజనం ఉండదు. సిగరెట్ తాగితే ఈ రోజే మానెయ్. నేను మానడానికి ఆలస్యం చేశాను, నా మెడ తిరగకపోవడంలో దాని పాత్ర కూడా ఉందని మా డాక్టర్ చెప్పారు. ఈత వస్తే ఈదు.

సిద్దిపేట_పాడి | మంగళవారం, ఉదయం 5:50

మా నాయన సంగతి కూడా రాస్తా, ఎవరికన్నా పనికొస్తదేమో. 58 ఏండ్లు, మాకు ఎనిమిది బర్రెలు. పోయినేడు ఎడమ పిర్రల భరించలేని నొప్పి, పొద్దుగూకితే సన్నగ జ్వరం, చెమటలు. నడుం నొప్పి గోలీలు మూడు నెలలు మింగిండు. చివరకు ఒక డాక్టర్ సారు "మీ పశువులు ఈసుకుపోతున్నయా, అంటే కడుపు పోతున్నదా?" అని అడిగిండు. అంతకుముందే రెండు బర్రెలు ఈసుకుపోయినయి, మాయ నాయనే ఉత్త చేతులతో తీసిండు. రక్తపరీక్షల బ్రూసెల్లా అని, పశువుల నుంచి మనుషులకు వచ్చే పురుగు అని తేలింది. ఆ పురుగే ఈ ఎస్‌ఐ కీలుకు పట్టిందట. డాక్సీసైక్లిన్, రిఫాంపిసిన్ మూడు నెలలు వాడితే నడుస్తుండు. పశువులున్నోళ్లు, పచ్చిపాలు తాగేటోళ్లు ఒక పక్క నొప్పి, జ్వరం కలిసి ఉంటే ఈ ముచ్చట డాక్టర్‌కు చెప్పుండ్రి. గ్లౌజులు లేకుంట మాయ ముట్టొద్దు.

కాకినాడ_సిస్టర్ | మంగళవారం, ఉదయం 9:15

చాలా విలువైన మాట చెప్పావు నాయనా. టీబీ కూడా ఇలాగే ఒక పక్క కీలుకు పట్టొచ్చు. అలాంటప్పుడు ఇన్ఫెక్షన్ ఉన్న కీలులో తెలియక స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేస్తే ప్రమాదం. అందుకే ఇంజెక్షన్‌కు ముందు ఎందుకు నొప్పి వస్తోందో తేలాలి.

కృష్ణలంక_టీచర్ | మంగళవారం, రాత్రి 9:40

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. నాకు జ్వరం లేదు, పొద్దున బిగుసుకుపోవడం ఐదు నిమిషాలే. ఈ రోజు ఫిజియోకు వెళ్లాను. వెల్లకిలా పడుకోబెట్టి, తుంటి, మోకాలు వంచి, మోకాలి మీద నుంచి కిందికి నొక్కారు. కేక వేశాను. కాలు నాలుగు అంకెలా మడిచి నొక్కినప్పుడూ అదే చోట వచ్చింది. పక్కకు పడుకోబెట్టి తుంటి మీద నొక్కినప్పుడు కూడా. ఇలాంటి పరీక్షల్లో మూడు, అంతకన్నా ఎక్కువ అదే నొప్పిని తెప్పిస్తే ఎస్‌ఐ జాయింట్ అనే అనుమానం బలపడుతుందట. "నా నొప్పి ఇదే" అని ఒకరు చేత్తో ముట్టుకుని చూపించినట్టయింది. ఇంటికొచ్చి ఏడ్చాను, బాధతో కాదు.

బెల్టు ఇచ్చారు. పెట్టుకుంటే బొడ్డు దగ్గర బిగుసుకుని ఊపిరాడటం లేదు. అలాగే ఉండాలా?

హనుమకొండ_ఫిజియో | మంగళవారం, రాత్రి 10:10

కాదండీ, అది నడుం బెల్టు చోటు. ఎస్‌ఐ బెల్టు ఇంకా కిందికి రావాలి. ముందువైపు రెండు పక్కలా తుంటి ఎముక మొనలు చేతికి తగులుతాయి కదా, వాటికి కింద, తొడ పక్కన ఉబ్బెత్తుగా తగిలే ఎముకకు కాస్త పైన. పడుకుని బిగించుకుని, తర్వాత లేవండి. నడిచేటప్పుడు, స్కూల్లో నిలబడేటప్పుడు పెట్టుకోండి, పడుకున్నప్పుడు తీసేయండి. అది ఊతకర్ర లాంటిది. అసలు పట్టు మీ కండరాలదే కావాలి.

వ్యాయామాల గురించి. నొప్పి తగ్గాక మొదలుపెడదామని ఆగొద్దు, నొప్పిని రెచ్చగొట్టేలా కూడా చేయొద్దు. మొదటి రెండు వారాలు వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, పొత్తికడుపు మెల్లగా లోపలికి బిగించి, ఊపిరి ఆపకుండా పది లెక్కపెట్టడం. తర్వాత మోకాళ్ల మధ్య దిండు పెట్టి నొక్కుతూ పిరుదులు పైకెత్తే బ్రిడ్జి. పక్కకు పడుకుని మడమలు కలిపి పై మోకాలు తెరవడం. చివర్లో చేతులు, మోకాళ్ల మీద ఉండి, ఎదురు చేయి, ఎదురు కాలు చాపడం. కాన్పు తర్వాత పొట్ట కండరాల మధ్య చీలిక ఉందేమో మీ ఫిజియో చూసి ఉంటారు, లేకపోతే చూడమనండి.

మంచం మీద తిరిగేటప్పుడు రెండు మోకాళ్లు అతికించినట్టు దగ్గర పెట్టి, భుజం, తుంటి, కాళ్లు ఒకేసారి దొర్లించండి. కాళ్ల మధ్య దిండు ఉంచుకోండి. సల్వార్ కూర్చుని వేసుకోండి. కింద బాసింపట్టు వేసుకుని కూర్చోవడం ఓ రెండు నెలలు ఆపండి. ఆటోలో ముందు కూర్చుని, తర్వాత రెండు కాళ్లూ కలిపి లోపలికి తిప్పుకోండి, షేర్ ఆటోలో అది కుదరకపోతే పక్క రాడ్డు పట్టుకుని బాగున్న కాలితో ఎక్కండి.

న్యూజెర్సీ_శ్రీకాకుళం | బుధవారం, ఉదయం 7:20

నేను ఇంజెక్షన్ నుంచి ఆపరేషన్ దాకా ఆ పై మెట్లన్నీ ఎక్కినదాన్ని. వయసు 52, ఎడిసన్‌లో ఉంటాను. ఆరేళ్ల క్రితం మంచు మీద జారి ఎడమ పిరుదు మీద పడ్డాను. ఎనిమిది నెలలు ఫిజియో చేసినా కూర్చుంటే పది నిమిషాలు ఓర్చుకోలేని పరిస్థితి.

ఇంజెక్షన్ గురించి చెప్తాను. అది చేత్తో తడిమి వేసేది కాదు, ఎక్స్‌రే తెరలో చూస్తూ సూది కీలులోకి వెళ్లిందని నిర్ధారించుకుని వేయాలి. కొన్ని చోట్ల సి.టి. లేదా అల్ట్రాసౌండ్ వాడతారు. మత్తుమందు, స్టెరాయిడ్ కలిపి ఇస్తారు. దానికి రెండు పనులు: మత్తు ఉన్న ఆ కొన్ని గంటల్లో నొప్పి నాలుగింట మూడొంతుల పైన తగ్గితే కీలే కారణమని తేలుతుంది, తర్వాత స్టెరాయిడ్ వాపు తగ్గిస్తుంది. వేయించుకున్న రోజు ఇంటికొచ్చి పడుకోవద్దు, ఎప్పుడూ నొప్పి తెప్పించే పనులే చేసి చూసి, గంట గంటకూ నొప్పి పదికి ఎంతో కాగితం మీద రాసుకోండి. నాకు 8 నుంచి 1కి దిగింది. ఆ కాగితమే తర్వాత ఇన్సూరెన్స్ వాళ్లకు చూపించారు. నాకు షుగర్ ఉంది, వారం రోజులు రీడింగులు బాగా పెరిగాయి. షుగర్ ఉన్నవాళ్లు ముందే డాక్టరుతో మాట్లాడుకోండి.

ఉపశమనం మూడు నెలలే నిలిచింది. తర్వాత రేడియోఫ్రీక్వెన్సీ చేశారు, అంటే ఆ కీలు నుంచి నొప్పి మోసుకెళ్లే సన్నని నరాల కొమ్మలను వేడితో మొద్దుబార్చడం. పది నెలలు హాయిగా గడిచాయి. నరాలు మళ్లీ పెరుగుతాయి, నొప్పీ తిరిగొచ్చింది. ఇంకోసారి చేయించుకోవచ్చు, చేయించుకున్నాను కూడా, రెండోసారి అంత పనిచేయలేదు.

చివరకు ఫ్యూజన్, అంటే కీలు కదలకుండా ఎముకలను అతికించే ఆపరేషన్. చిన్న గాటు పెట్టి మూడు ముక్కోణపు టైటానియం కడ్డీలు తుంటి ఎముక మీదుగా త్రికాస్థిలోకి దించారు. ఆ పద్ధతికి ఇక్కడ 2008లో అనుమతి వచ్చింది. మూడు వారాలు క్రచెస్, మామూలుగా నడవడానికి మూడు నెలలు. ఇప్పుడు గంటన్నర కూర్చుని సినిమా చూడగలను. నొప్పి సున్నా కాలేదు, 2 దగ్గర ఉంది. ఎముక అతుక్కున్నాక వెనక్కి తీసుకోలేని పని కాబట్టి, ఇంజెక్షన్‌తో కీలే కారణమని గట్టిగా తేలకుండా ఎవరూ దీనికి ఒప్పుకోవద్దు. టీచర్ గారూ, మీరు ఇంత దూరం రావాల్సిన అవసరం ఉండకపోవచ్చు.

మాదాపూర్_కోడర్ | బుధవారం, ఉదయం 10:05

పీఆర్‌పీ (ప్లేట్‌లెట్లు ఎక్కువున్న ప్లాస్మా) ఇంజెక్షన్ గురించి ఎవరికైనా తెలుసా? మన రక్తంలోంచే తీసి ఎక్కిస్తారట, యాడ్స్ బాగా కనిపిస్తున్నాయి.

హనుమకొండ_ఫిజియో | బుధవారం, మధ్యాహ్నం 1:15

కొందరికి ఊరట ఇచ్చిందంటారు, కానీ ఈ కీలుకు ఇంకా గట్టి ఆధారం లేదు. ఖర్చు మాత్రం తక్కువేం కాదు. మీ విషయంలో అయితే ముందు రుమటాలజిస్టు, తర్వాతే మిగతావన్నీ.

కృష్ణలంక_టీచర్ | పదకొండు వారాల తర్వాత, ఆదివారం, రాత్రి 9:30

మళ్లీ వచ్చాను. బెల్టు కిందికి దించాక మొదటి వారంలోనే నడక తేలికైంది. వ్యాయామాలు మాత్రం ఐదో వారం దాకా ఫలితం చూపించలేదు, మధ్యలో రెండుసార్లు మానేద్దామనిపించింది. ఇప్పుడు నొప్పి పదికి 7 నుంచి 2కి వచ్చింది. రాత్రి బాబు వైపు ఊపిరి బిగబట్టకుండా తిరుగుతున్నాను. ఇంజెక్షన్ ఇప్పుడు అక్కర్లేదని డాక్టరు గారన్నారు. బోర్డు దగ్గర మూడో పీరియడ్ దాటితే మాత్రం సలుపు మొదలవుతుంది, హెడ్ మేడంను అడిగి ఒక ఎత్తు స్టూలు వేయించుకున్నాను. బాబును అత్తయ్య ఇంకా చంకనే ఎత్తుకుంటోంది, ఆమెకూ మీ పోస్టు చదివి వినిపించాను.

మాదాపూర్_కోడర్ | అదే రోజు, రాత్రి 10:12

చాలా సంతోషం అక్కా. నాకు ఎం.ఆర్.ఐ.లో రెండు పక్కలా ఎముకలో వాపు ఉంది, బి27 పాజిటివ్. నేప్రోక్సెన్ మొదలుపెట్టి ఆరు వారాలైంది, పొద్దున బిగుసుకుపోవడం గంట నుంచి పావుగంటకు దిగింది. టీబీ పరీక్షకు రక్తం ఇచ్చాను, రిపోర్టు గురువారం వస్తుంది. మేనమామను కూడా వచ్చే నెల ఆ రుమటాలజిస్టు దగ్గరికే తీసుకెళ్తున్నాను.

అనంత_అన్న | అదే రోజు, రాత్రి 10:40

గురువారం రిపోర్టు రాగానే ఇక్కడ పెట్టు తమ్ముడూ. మామయ్య పాత ఎక్స్‌రేలు పారేయకుండా అన్నీ పట్టుకెళ్లు, వాళ్లు పక్కపక్కన పెట్టి చూస్తారు. మెడ గట్టిపడిన మనిషి కాబట్టి ప్రయాణంలో కుదుపులు, పడిపోవడాలు లేకుండా చూసుకో, ఆ ఎముక తేలిగ్గా విరుగుతుంది. బస్సులో వెనక సీట్లు వద్దు.